మగ్గము తొక్కు కాలు: కాయలు, ఆనెలు, మడమ పగుళ్ళు

నేతగాని చేతిని మెచ్చుకొనువారు ఎందరో కలరు. కాలిని తలచుకొనువారు అరుదు. నాడె విసరునది చెయ్యి అయినను, పడుగును విడదీసి ఆ నాడెకు దారి ఇచ్చునది కాలు. ఒక చిన్న లెక్క చూడుడు. 6 గజముల చీర 216 అంగుళములు. అంగుళమునకు 60 పేకల చొప్పున నేసినచో 12,960 పేకలు. పేకకు ఒక తొక్కుడు. అనగా ఒక్క చీర మగ్గము నుండి దిగునప్పటికి రెండు కాళ్ళును కలిసి దాదాపు 13 వేల మారులు తొక్కుడు పలకలను అణచినవన్న మాట. ఏడాదికి ఎన్ని చీరలు, జీవితమునకు ఎన్ని ఏండ్లు అని గుణించుకొనుట పాఠకులకే విడిచిపెట్టుచున్నాము.

ఇంతటి పని చేసిన కాలు మొద్దుబారుటలో వింత లేదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో ఏ నేత ఇంటికి పోయి కాలిలో ఏమని అడిగినను "ఏమీ లేదన్నా, ఆణి" అని త్రోసివేయుట పరిపాటి. మన వైపు కన్నడపు ఆణియు, తెలుగు ఆనెయు పక్కపక్కనే నడచుచున్నవి. ఏ పేరు పెట్టి పిలిచినను నొప్పి ఒకటే. బాధ ముదిరి మగ్గము దిగవలసివచ్చినపుడే దానిని పట్టించుకొందురు. అప్పటికి వారము రోజుల కూలి పోయియుండును. కొందరి విషయములో కాలివేలే పోవును. ఈ రెండవ సంగతి చెప్పుటకే ముఖ్యముగా ఈ వ్యాసము వ్రాయుచున్నాము. అయితే కాయ అనగా ఏమో తెలియనిది, దానివలన వేలు ఎట్లు పోవునో తెలియదు.

చర్మము ఎందుకు గట్టిపడును

మన ఒంటి చర్మములో అన్నిటికంటె మందమైనది అరికాలి చర్మము. దాని పై పొర అంతయు చచ్చిన కణములే. అడుగున క్రొత్త కణములు పుట్టి, మెల్లగా పైకి జరిగి, చదునై, ఎండి, పెళుసుగా రాలిపోవును. ఈ ప్రయాణమునకు సుమారు ఒక నెల పట్టును. ఆ పై పొరకు బలమిచ్చు పదార్థము కెరాటిన్. నేతవారికి ఇది క్రొత్త వస్తువు కాదు. గోరు, వెంట్రుక, గొఱ్ఱె ఉన్ని ఇవన్నియు కెరాటినే. మన జిల్లాలో కంబళ్ళు నేయు సోదరుల చేతిలోని నూలునకును, మన అరికాలిలోని కాయకును చుట్టరికము కలదు. పట్టునకు మాత్రము ఈ చుట్టరికము లేదు. అది ఫైబ్రోయిన్ అను వేరొక పదార్థము. ఉన్ని నీటిని పీల్చి మెత్తబడునట్లే కాయయు నీటిలో నానిన మెత్తబడును. దీనిని గుర్తుంచుకొనవలెను, చికిత్సలో సగము ఇదియే.

ఒకే చోట అదేపనిగా ఒత్తిడియో ఒరిపిడియో తగిలినచో, చర్మము తన్ను తాను కాపాడుకొనుటకై కణములను త్వరత్వరగా పుట్టించును. అవి రాలవలసిన వేళకు రాలక, ఒకదానినొకటి అంటుకొని పొరలు పొరలుగా పేరుకొనును. అదియే కాయ. మొదట ఇది మేలే. కాయ కాచిన చెయ్యి పొక్కదు, కాయ కాచిన కాలు పలక మీద జారదు. కాని ఒక హద్దు దాటిన పిమ్మట కవచమే రాయివలె మారి, అడుగు వేసినప్పుడెల్ల లోపలి మెత్తని మాంసమును తానే ఒత్తును.

కాయకును ఆనెకును భేదమున్నది. కాయ వెడల్పుగా, పసుపు వన్నెతో, అంచు తెలియకుండ వ్యాపించును. దాని మీద చర్మపు గీతలు చెదరక కనబడును. సాధారణముగా నొప్పి తక్కువ. ఆనె చిన్నది, గుండ్రనిది. దాని నడుమ మేకువంటి గట్టి ముల్లు ఒకటి లోపలికి దిగియుండును. దాని మీద వేలు పెట్టి నిట్టనిలువుగా నొక్కిన ప్రాణము జివ్వుమనును. కాలివేళ్ళ సందున వచ్చు ఆనె చెమటకు నాని తెల్లగా మెత్తగా ఉండును. దానిని ఒరుపు అనుకొని ఊరకుండువారు పెక్కుమంది.

మూడవది ఒకటి కలదు, అది ఆనె వేషము వేసుకొని వచ్చును. అరికాలి ఉలిపిరికాయ. ఇది ఒత్తిడివలన వచ్చునది కాదు, ఒక వైరసువలన వచ్చునది, ఒకరి నుండి ఒకరికి అంటునది. గుర్తు పట్టుటకు ఉపాయమున్నది. ఆనెను నిలువుగా నొక్కిన నొప్పి. ఉలిపిరికాయను రెండు ప్రక్కల నుండి గిల్లినట్లు పట్టిన ఎక్కువ నొప్పి. దాని మీద చర్మపు గీతలు తెగిపోయి, సన్నని నల్లని చుక్కలు కనబడును. ఆ చుక్కలు మట్టి కాదు, గడ్డకట్టిన రక్తపు సన్నని నాళములు. ఒకే ఇంట ఒకే స్నానపు బండ మీద నలుగురు కాళ్ళు కడుగుకొనుచోట ఒకరికి వచ్చినది మరొకరికి రావచ్చును. పిల్లలలో ఇది చాలామారులు తనంతట తాను పోవును.

మగ్గము వేయు ముద్రలు

ఏ కాలిలో ఎక్కడ కాయ కాచినదో చూచి, ఆ మనిషి ఏ పని చేయునో కొంతవరకు చెప్పవచ్చును. గుంట మగ్గము మీద కూర్చుండువానికి వేళ్ళ మొదళ్ళ క్రింద, ముఖ్యముగా బొటనవ్రేలి మొదట, కాయ కాచును. పలక అంచు అరిగి కోసుగా ఉన్నచో ఆ అంచు తగులు చోటనే గీతవలె గట్టిపడును. కొన్ని పాత మగ్గములపై పలక బదులు తాడు ముడిని వేళ్ళ సందున పట్టి లాగుట కలదు. వారికి బొటనవ్రేలికిని ప్రక్క వ్రేలికిని నడుమ కాయ. జాకార్డు పెట్టిన మగ్గములో దానిని ఎత్తు తొక్కుడు మిగిలినవానికంటె బరువైనది. దానిని ఎప్పుడును ఒకే కాలితో తొక్కువారికి ఆ కాలిలోనే కాయ ముదురును. రెండు అరికాళ్ళను పక్కపక్కన పెట్టి చూచుకొన్నచో ఈ తేడా ఇట్టే తెలియును.

ఆడవారి కాళ్ళ మాట వేరు. కండెలు చుట్టుచు, రాట్నము తిప్పుచు నేల మీద మఠము వేసుకొని గంటల తరబడి కూర్చుండువారికి చీలమండ వెలుపలి ఎముక మీద నల్లగా గరుకుగా కాయ కాచును. ఇది మగ్గపు ఇండ్లలో ఎంత సామాన్యమో, దీనిని జబ్బని ఎవరును అనుకొనరు. నిజమునకు జబ్బు కాదు కూడ. క్రింద నాలుగు మడతల గోనెయో, పాత దుప్పటియో వేసుకొన్నచో తగ్గును. మట్టెలు బిగుతైనచోట వేలి చుట్టు కట్టు కట్టినట్లు కాయ కాచుటయు మేము చూచియున్నాము. కాలు వాచు అలవాటున్నవారు మట్టెలను వదులు చేయించుకొనవలెను. మధుమేహమున్నవారు తీసివేసి పూజామందిరములో పెట్టుకొన్నను సౌభాగ్యమునకు లోటు రాదు.

కూర్చుని పని చేయువారి ఒళ్ళు చెడుట లోకమంతటను ఉన్నదే. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తివ్యాధుల మీద పెద్ద గ్రంథము ప్రకటించి, దాని తరువాతి కూర్పులో నేత పనివారికి చోటిచ్చెను. మఠము వేసుకొని కుట్టు దర్జీల చిటికెన వ్రేలి మొదట లేచు గుబ్బకు ఇంగ్లీషు వైద్యులు దర్జీ గుబ్బ అనియే పేరు పెట్టిరి. మనకును వారు ఒక పేరు ఇవ్వకపోలేదు. గట్టి బల్ల మీద కూర్చుండి కూర్చుండి పిరుదుల ఎముక దగ్గర వచ్చు వాపునకు వారి పుస్తకములలో నేతగాని పిరుదు అని పేరు! గౌరవమో కాదో చెప్పలేము గాని, మన కష్టము వారి శాస్త్రమున కెక్కినది.

దొడ్డబళ్ళాపురపు మరమగ్గములకు పోవు మన పిల్లల సంగతి మరొకటి. అక్కడ తొక్కుడు లేదు, నిలుచుట ఉన్నది. పది పన్నెండు గంటలు సిమెంటు నేల మీద నిలుచువానికి మడమయు, వేళ్ళ మొదళ్ళును గట్టిపడును. శిడ్లఘట్ట వైపు పట్టుగూళ్ళ నుండి దారము తీయు చోట నేల ఎప్పుడును తడి. అక్కడి వారికి కాయకంటె వేళ్ళ సందుల ఒరుపు ఎక్కువ. తెల్లవారుజామున వీధిలో పడుగు సాచి గంజి పెట్టి కుంచెతో దువ్వుచు ఇటునుండి అటు, అటునుండి ఇటు వట్టి కాళ్ళతో నడచుటయు లెక్కలోనిదే.

మడమ పగుళ్ళు

నందికొండ మీది గాలి మార్గశిర పుష్య మాసములలో క్రిందికి దిగినప్పుడు మన ప్రాంతపు మడమలు పగులును. ఇందులో రహస్యము లేదు. మడమ చుట్టు అంచున చర్మము మందమై, ఎండి, సాగు గుణము పోగొట్టుకొనును. బరువు మోపినప్పుడు మడమలోని క్రొవ్వు ప్రక్కలకు విచ్చుకొనును. గంజి ఎక్కువై బిరుసెక్కిన పడుగు లాగిన తెగునట్లు, సాగలేని చర్మము చీలును. చెప్పుల వెనుక అట్ట లేనివి తొడుగుట, చెప్పు పొట్టిదై మడమ వెలుపలికి వ్రేలాడుట, ఒంటి బరువు, గచ్చు నేల, బట్టల సబ్బునీటిలో కాళ్ళు నానుట ఇవన్నియు దానికి తోడు. చీలిక పైపైనే ఉన్నంతవరకు చూచుటకు మాత్రమే వికారము. లోపలి మాంసము వరకు పోయి రక్తము చిమ్మినచో, ఆ సందు గుండ క్రిములు ప్రవేశించి కాలు వాచును.

అన్ని పగుళ్ళును ఎండవలన, చలివలన వచ్చినవే అనుకొనరాదు. దురదతో, సన్నని తెల్లని పొట్టుతో, గోళ్ళు కూడ మందమై రంగు మారియుండిన అది తామర జాతిది కావచ్చును. దానికి మందు వేరు. అరచేతులలోను, మోచేతుల మీదను, మోకాళ్ళ మీదను ఎర్రని మచ్చలపై వెండి పొట్టు లేచుచున్నచో సోరియాసిస్ కావచ్చును. చిన్నతనము నుండియే అరచేతులు, అరికాళ్ళు రెండును తోలువలె మందముగా ఉన్నచో అది వంశములో వచ్చునది. అందులో కొన్ని రకములు మేనరికపు పెండ్లిండ్లు ఎక్కువైన కుటుంబములలో బయటపడును. ఇట్టివారు ఎంత రుద్దినను ప్రయోజనము లేదు, చర్మవైద్యుని చూడవలెను. బెంగాలు ప్రాంతములో భూగర్భజలములోని ఆర్సెనిక్ విషమువలన అరికాళ్ళలో గింజలవంటి కాయలు లేచుట ప్రసిద్ధము. మన తాలూకాల లోతు బోరుబావులలోని దోషము ఫ్లోరైడు. అది పళ్ళను, ఎముకలను చెరచును గాని అరికాలి కాయకు కారణము కాదు.

ఇంట చేయదగిన చికిత్స

రాత్రి పనులు ముగిసిన పిమ్మట గోరువెచ్చని నీటిలో కాళ్ళను 10 నుండి 15 నిమిషములు నానబెట్టవలెను. నీరు కాగరాదు, మోచేతితో తాకి చూచిన హాయిగా ఉండవలెను. పిదప కాలు రుద్దు రాతితో ఒకే దిక్కుగా మెల్లగా రుద్దవలెను. ఒక్క రాత్రిలో అంతయు తీసివేయవలెనను తొందర పనికిరాదు. ఏండ్ల తరబడి పేరుకొన్నది వారములలో పోవును, గంటలో పోదు. గులాబి రంగు చర్మము కనబడకముందే ఆపవలెను. వేళ్ళ సందులు బాగుగా తుడిచి, తక్కిన పాదమంతయు తడి ఆరకముందే నూనె వస్తువు ఏదైన పట్టించవలెను. తడిని లోపలనే నిలుపుటకు నూనె; ఎండిన కాలికి నూనె పూసిన ఫలము సగమే. వేళ్ళ సందులలో మాత్రము నూనె పూయరాదు, అక్కడ తేమ నిలిచిన ఒరియును.

ఏ నూనె అని అడుగుదురు. మన పెద్దలు వాడిన ఆముదము, కొబ్బరినూనె, నువ్వులనూనెలో తేనెమైనము కరగించి చేసిన లేపనము ఇవన్నియు మంచివే; వ్యాసెలైనును ఇదే పని చేయును. లేపనము పూసి పాత నూలు మేజోళ్ళు తొడిగి పండుకొన్నచో పరుపు పాడు కాదు, మందు చెరగదు. గట్టి కాయలకు ఇంతకంటె బలమైనది యూరియా కలిపిన లేపనము. పొలములో చల్లు యూరియాయే గాని ఔషధశుద్ధి చేసినది. పొలపు సంచిలోనిది తెచ్చి పూసుకొనరాదని వేరుగ చెప్పనక్కరలేదనుకొందుము. నూటికి 10 పాళ్ళది మామూలు పొడికాలికి, 20, 25 పాళ్ళది మందమైన మడమకు వాడుదురు.

ఆనెకు సాలిసిలిక్ ఆమ్లము వాడుక. కణమును కణముతో అంటించియున్న బంకను ఇది కరగించును. మందుల అంగడిలో దొరకు ఆనె పట్టీలలో ఇది నూటికి 40 పాళ్ళ వరకు ఉండును. దీనికి ఆనె ఏదో, మంచి చర్మము ఏదో తెలియదు. తగిలిన దానినెల్ల తినును. కావున పట్టీని ఆనె కొలతకు సరిగా కత్తిరించి, చుట్టును వ్యాసెలైను పూసి అంటించవలెను. తెల్లబడిన పొరను మరునాడు నానబెట్టి రుద్దివేయవలెను. మంటపుట్టి ఎర్రబడినచో వెంటనే మానవలెను. మధుమేహము గలవారు, కాళ్ళు తిమ్మిరెక్కువారు, కాలికి రక్తప్రసారము తక్కువైనవారు ఈ పట్టీని ముట్టనేరాదు.

ఇక చేయరాని పనులు. నల్లజీడి గింజ రసము పగుళ్ళలో పోయుట మన పల్లెలలో నేటికిని కలదు. చాకలివారు బట్టకు గుర్తు పెట్టుటకు వాడిన గింజ ఇది. బట్ట చినుగువరకు పోని మచ్చ వేయునది ఒంటిని ఊరకనే విడుచునా? చర్మము పొంగి, బొబ్బలెక్కి, కొందరికి ఒళ్ళంతయు దద్దురులు లేచును. జిల్లేడు పాలు ఆనె మీద పెట్టుట, సున్నము సోడా కలిపి పూయుట, క్రొవ్వొత్తి కరగించి వేడి మైనము పగుళ్ళలో పోయుట, అగరువత్తితో చురుకు పెట్టుట ఇవన్నియు మందు పేరిట చేయు గాయములు.

అన్నిటికంటె ప్రమాదమైనది బ్లేడు. మన ఇండ్లలో దారపు కొసలు కోయుటకు బ్లేడు ఎప్పుడును చేతి దగ్గరనే ఉండును. మగ్గము మీద తీరిక దొరకిన నిమిషమున కాలు ఒడిలోనికి లాగి, అదే బ్లేడుతో కాయను చెక్కుకొనువారిని ఎరుగని నేత కుటుంబము లేదు. బాగేపల్లి వైపు మేమెరిగిన ఒక ఇంటి పెద్ద కథ చెప్పెదము. ఆయనకు ఏబది దాటినది. చక్కెర వ్యాధి ఉన్నదని తెలిసియు మాత్రలు వేసికొన్న దినములకంటె వేసికొనని దినములే ఎక్కువ. బొటనవ్రేలి మొదట కాయను ఎప్పటివలె చెక్కుకొనెను. లోతుగా తెగినది, నొప్పి లేదు. నొప్పి లేదు గనుక గాయము లేదనుకొనెను. నాలుగవ నాడు పలక మీద తడి మరక చూచి కోడలు అడిగినది: "మామా, కాల్లో నెత్తురేమి?" పసుపు పెట్టి గుడ్డ చుట్టిరి. పండుగ గిరాకీ వేళ, మగ్గము ఆపలేదు. రెండు వారములకు వేలు నల్లబడినది. ఆసుపత్రిలో వేలు తీసివేసిరి, కాలు దక్కినది. మూడు నెలలు మగ్గము నిలిచినది. తీసికొన్న నూలునకు బాకీ మాత్రము నిలువలేదు, పెరిగినది.

నొప్పి లేకపోవుటయే జబ్బు

ఈ కథలోని కీలకము కాయ కాదు, నొప్పి లేకపోవుట. మధుమేహము ఏండ్ల తరబడి అదుపు తప్పినచో కాళ్ళ నరములను చంపును. అప్పుడు ముల్లు గ్రుచ్చుకొన్నను, నిప్పు తగిలినను తెలియదు. కాయ క్రింద ఒత్తిడి పెరిగి లోపలనే మాంసము చితికి రక్తము నిలుచును. పైకి కాయ చెక్కు చెదరక ఉండును. కాయలో నల్లగానో, ముదురు ఎరుపుగానో మచ్చ కనబడినచో లోపల పుండు తయారగుచున్నదని అర్థము. ఆ దినముననే వైద్యుని చూడవలెను, శుక్రవారమని, అమావాస్యయని ఆగరాదు. మధుమేహుల కాయలను వైద్యుడు శుభ్రముగా చెక్కి తీసిన, ఆ చోట పడు ఒత్తిడి సుమారు నాలుగవ వంతు తగ్గునని కొలిచి చూచిరి. కాయ తీయరాదని కాదు మేము చెప్పుట, తీయవలసిన చెయ్యి మనది కాదని.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారము మన దేశములో మధుమేహులు 10 కోట్లకు పైబడిరి. దినమంతయు కూర్చుండి పని చేయు మన వృత్తికి ఈ వ్యాధి దూరపు చుట్టము కాదు. 30 ఏండ్లు దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో చక్కెర పరీక్ష ఉచితముగా చేయుదురు.

కాలిలో స్పర్శ ఉన్నదో లేదో వైద్యులు చూచు విధానము నేతవారికి ముచ్చట గొలుపును. వారి పనిముట్టు ఒక నైలాను పోగు. 10 గ్రాముల ఒత్తిడి పడగానే వంగునట్లు తయారుచేసిన పోగును పిడికి బిగించి, కన్నులు మూసికొన్న రోగి అరికాలికి తాకించుదురు. పోగు వంగినను తాకుడు తెలియనివాని కాలు ప్రమాదములో ఉన్నదన్న మాట. ఆ పోగు లేకయే ఇంట చేసికొనదగిన పరీక్షను ఇంగ్లండులోని ఇప్స్విచ్ ఆసుపత్రి వైద్యులు ఏర్పరచిరి. రోగి కన్నులు మూసికొని పండుకొనవలెను. ఇంటివారొకరు రెండు కాళ్ళలోను బొటనవ్రేలి కొనను, నడిమి వ్రేలి కొనను, చిటికెన వ్రేలి కొనను చూపుడు వ్రేలితో ఈకవలె తేలికగా ఒకటి రెండు సెకనులు తాకవలెను. నొక్కరాదు, తట్టరాదు. మొత్తము ఆరు తాకుళ్ళు. అందులో రెండుగాని అంతకు మించిగాని తెలియకపోయినచో వైద్యుని దగ్గరకు పోవలసినదే. మనుమలకు ఇదొక ఆట. తాతకు కాలు దక్కు ఉపాయము.

స్పర్శ పోవుట మధుమేహమునందే కాదు, కుష్ఠమునందును కలదు. 2005 చివరకు ఇది దేశములో ప్రజారోగ్య సమస్యగా తొలగినదని ప్రకటించిరి గాని, క్రొత్త రోగులు నేటికిని కనబడుచునే ఉన్నారు. ఒంటిపై స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉన్నచో దాచుకొనక చూపించుకొనవలెను. మందు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము, పూర్తిగా నయమగును.

ఈ విషయములో మనకు ప్రక్కనున్న వేలూరు ఊరు లోకమునకు ఒక పాఠము నేర్పినది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, కుష్ఠరోగుల వ్రేళ్ళు మాంసము చెడి ఊడిపోవుట లేదనియు, స్పర్శ లేని కాలికి తెలియక తగిలిన దెబ్బలు, ఒత్తిళ్ళే పుండ్లై వ్రేళ్ళను తినుచున్నవనియు చూపెను. కావున మందుతోబాటు చెప్పులు కూడ వైద్యమే అయినవి. సన్నని గాలి గదులు గల మెత్తని రబ్బరుతో అక్కడ చేయించిన చెప్పులు ఎం.సి.ఆర్. చెప్పులని పేరు పొందినవి. నేడు ఆ చెప్పులనే మధుమేహులకును తొడిగించుచున్నారు.

మగ్గము దగ్గర చేయదగిన మార్పులు

మగ్గపు గదిలోనికి చెప్పులతో పోరాదనునది మన ఆచారము. దానిని విడువుమని మేము చెప్పము. విడువవలసిన పనియు లేదు. కాలికి తొడుగు వద్దన్నచో పలకకు తొడుగు వేయవచ్చును. పాత నూలు గుడ్డను నాలుగైదు చుట్లు బిగువుగా చుట్టి కుట్టినను, సైకిలు ట్యూబు ముక్క తొడిగినను పలక అంచు కాలిని కోయదు. అంచులను గరుకు కాగితముతో గుండ్రము చేయుట అరపూట పని. పలకలో లేచిన మేకు తలలను వెదకి దిగగొట్టవలెను. స్పర్శ తగ్గిన కాలికి అవి తెలియవు. మగ్గపు గుంట అడుగున నిమ్ము చేరకుండ గోనె పరచి, దానిని వారమునకొకమారు ఎండలో వేయవలెను. జాకార్డు తొక్కువారు వీలైనచో పూటకొక కాలు మార్చుకొనుట మంచిది. అలవాటు పడుటకు నాలుగు దినములు పట్టును, పిమ్మట చెయ్యి దానంతట అదే సర్దుకొనును.

మరమగ్గముల వారికి ఇట్టి ఆచారపు అడ్డు లేదు. వారు వెనుక పట్టీ గల మెత్తని అట్ట చెప్పులు గాని బూట్లు గాని తొడుగవలెను. నిలుచు చోట రబ్బరు చాప ఒకటి వేయించుమని యజమానిని అడుగుటలో తప్పు లేదు.

మన ప్రాంతము నుండి తిరుపతికి కాలినడకన పోయి అలిపిరి నుండి 3,550 మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కు మ్రొక్కు గలవారు ఎందరో. స్పర్శ తగ్గినవారు వైద్యునితో మాట్లాడియే ఈ మ్రొక్కు చెల్లించుకొనవలెను. ఎండ కాగిన బండ మీద బొబ్బలెక్కినను వారికి తెలియదు. ఇంటికి వచ్చి మేజోడు విప్పినప్పుడు తెలియును. వేంకటేశ్వరుడు కాలిని కోరినట్లు ఏ స్థలపురాణములోను మేము వినలేదు.

చెప్పులు కొనుటకు సాయంకాలము పోవలెను. దినమంతయు నడచిన కాలు కొంత ఉబ్బియుండును గనుక, ఉదయము సరిపోయినది సాయంకాలమునకు బిగియును. రెండు కాళ్ళు సమానముగా ఉండవు. పెద్ద కాలికి సరిపోవునదే కొనవలెను. అంగడికి పోలేని ముసలివారికి చెప్పులు తేవలసియున్నచో, కాగితము నేల మీద పరచి, వారిని దాని మీద నిలువబెట్టి, పాదము చుట్టు పెన్సిలుతో గీత గీసి, ఆ అచ్చును కత్తిరించి తీసికొనిపోవుడు. అచ్చు ముడుచుకొనక చెప్పు లోపల చదునుగా పట్టవలెను. అంచులు పైకి లేచినచో ఆ జత వద్దు, ఒక సంఖ్య పెద్దది చూపుమనుడు.